పదకొండు నిమిషాల గోల

"ముట్టుకోకు!" అన్నాడు బాబాయి.

తూనీగ గభాలున చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒక్కచోట నిలవదని ఇంట్లోవాళ్ళు పెట్టిన ముద్దుపేరది.

బల్ల మీద బాబాయి పాత కంప్యూటర్ ఉంది. చూడ్డానికి లావుపాటి కీబోర్డు, అంతే. దానికి ఒక చిన్న టీవీ, ఒక టేప్ రికార్డర్ తగిలించి ఉన్నాయి. దాని వయసూ బాబాయి వయసూ ఒకటే. ఏ భాగం పోయినా ఎక్కడెక్కడో వెతికి తెచ్చి, అతికించి, దాన్ని బతికించుకొస్తున్నాడు.

పక్కన కుర్చీలో డ్రైవర్ తాత కూర్చున్నాడు. ఒకప్పుడు బస్సు నడిపేవాడు. కుర్రతనంలో ఇలాంటి కంప్యూటర్ మీదే తనంతట తాను ఒక బస్సు ఆట రాసుకున్నాడు. ఈ లోకంలో అది ఉన్నది ఒకే ఒక్క క్యాసెట్‌లో.

"టేపు బాగా అరిగిపోయింది డ్రైవర్ గారూ. ఇంకో రెండుసార్లు తిరిగితే గొప్ప," అన్నాడు బాబాయి. "ఒక్కసారి లోడయితే చాలు, వెంటనే కాపీ తీసేస్తా. పదకొండు నిమిషాలు పడుతుంది."

ప్లే నొక్కాడు. టేప్ రికార్డర్‌లోంచి కీచుమని ఒకటే అరుపు. టీవీ తెర అంచుల్లో రంగుల గీతలు గిలగిల్లాడాయి.

అంతలో ఫోన్ మోగింది. "పళ్ళ డాక్టరు. ఆయన కంప్యూటర్‌లో మీటలు ఇరుక్కున్నాయట," అంటూ బాబాయి వరండాలోకి వెళ్ళాడు. డ్రైవర్ తాతకీ కూర్చోబుద్ధి కాలేదు. లేచి వాకిట్లో అటూ ఇటూ తిరగసాగాడు.

రెండు నిమిషాలయ్యాయి. తూనీగ కాళ్ళు ఊపింది. మూడో నిమిషానికి ఆ కీచుమనే మోత చెవులకి చిల్లులు పెట్టసాగింది.

"అబ్బా, ఏం గోల!" అంటూ టేప్ రికార్డర్ సౌండ్ తగ్గించింది.

గీతలు ఠక్కున ఆగిపోయాయి. తూనీగ గబగబా సౌండ్ మళ్ళీ పెంచింది. గీతలు కదల్లేదు.

బాబాయి పరుగున వచ్చాడు. "ఏమైందే?"

"ఏమో. అదే ఆగిపోయింది."

బాబాయి టేపు ఆపాడు. స్క్రూలు విప్పి కంప్యూటర్ లోపలంతా గంటసేపు వెతికాడు. ప్రతి తీగా లాగి చూశాడు. తూనీగ కాలుగాలిన పిల్లిలా గుమ్మానికీ బల్లకీ మధ్య తిరిగింది.

"ఇందులో తప్పేం లేదు," అన్నాడు చివరికి. "టేపే పోయినట్టుంది."

లోపలికి వచ్చిన డ్రైవర్ తాత క్యాసెట్‌ని బయటికి తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "పోనీలే నాయనా. నలభై ఏళ్ళు మూలన పడున్న వస్తువు. ఇంక దీన్ని ఇంటికి మోసుకెళ్ళి ఏం చేస్తాను?"

ఆయన చెయ్యి బల్ల కింద చెత్తబుట్ట వైపు వెళ్ళింది.

"తాతా, పారెయ్యకండి!" తూనీగ ఆ చెయ్యి పట్టేసుకుంది. "నేనే... గోలగా ఉందని సౌండ్ తగ్గించాను."

"ఆ గోలేనే ప్రోగ్రామ్!" బాబాయి తల పట్టుకున్నాడు. "అది వింటూనే కంప్యూటర్ చదువుకుంటుంది. గంట నుంచి దీని పొట్ట కోసి చూస్తున్నా కదా, నోరు విప్పొద్దూ?"

తూనీగ తల వంచుకుంది. "భయమేసింది బాబాయ్."

"అయితే నా టేపు బాగానే ఉందంటావా అమ్మడూ?" అన్నాడు డ్రైవర్ తాత.

"తెలీదు తాతా."

టేపు వెనక్కి తిప్పారు. మళ్ళీ అదే కీచు. తూనీగ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ముక్కు దురద పెట్టింది. అయినా కదల్లేదు.

ఈసారి ముళ్ళ మీద కూర్చున్నట్టు ఉన్నది డ్రైవర్ తాతే. "ఆగిపోలేదుగా?"

"లేదు తాతా. వింటోంది."

"ఇంకెంతసేపు?"

"నాలుగు నిమిషాలు."

కీచు ఆగింది. తెర మీద ఒకే ఒక్క మాట వెలిగింది: రెడీ.

డ్రైవర్ తాత వేళ్ళు మీటల మీదికి పరిగెత్తాయి.

"ఆగండాగండి! ముందు కాపీ," అని బాబాయి కొత్త క్యాసెట్ పెట్టాడు. "ఇంకో పదకొండు నిమిషాలు."

"అమ్మో!" అన్నాడు తాత.

తూనీగ తన కుర్చీని ఆయన కుర్చీ పక్కకి జరుపుకుంది.

"కూర్చోండి తాతా. నేనూ కూర్చుంటా."