పెద్ద కుర్చీ కింద

చీకటి పడ్డాక పెద్ద కుర్చీ దగ్గర ఆగకూడదని ఆ ఊళ్ళో చిన్నపిల్లాడు కూడా చెప్తాడట. రోడ్డు పక్కన రెండంతస్తుల ఎత్తు చెక్క కుర్చీ. కుర్చీలు చేసే ఊరు మాది అని చాటుకోవడానికి ఎప్పుడో నిలబెట్టారు. పగలు దాని ముందు ఫోటోలు దిగుతారు. రాత్రి మాత్రం దాని కింద నుంచి ఒకటే మాట... "తడి... తడి..."

నెత్తురు తడి అన్నారు కొందరు. నీళ్ళలో పడి పోయినవాళ్ళెవరో అన్నారు ఇంకొందరు. ఎవరి నోటికొచ్చింది వాళ్ళన్నారు.

ఒక పాలిష్ మేస్త్రికి మాత్రం ఆ మాట బాగా తెలుసు. కుర్చీల ఫ్యాక్టరీలో, వార్నిష్ గదిలో పొద్దస్తమానం అరిచే మాట అది. పూత ఆరలేదు, ముట్టుకోవద్దని అర్థం. పెద్ద కుర్చీకి వార్నిష్ వేసింది అతని అన్నయ్యే. ఆ ఘాటుకి ఊపిరితిత్తులు చెడి, ఆఖరి పూత వెయ్యకుండానే పోయాడు. అన్న స్థానంలో తమ్ముడు చేరాడు. ఇప్పుడు ఇతనికీ అదే దగ్గు.

"మానెయ్యండి, మీకు దణ్ణం పెడతాను" అని భార్య పోరుతూనే ఉంది. మానేస్తే ఇల్లెలా గడుస్తుంది?

ఆ రాత్రి షిఫ్టు దిగి వస్తుంటే కాళ్ళు మొరాయించాయి. ప్రాణం విసిగిపోయింది. దెయ్యమైనా సరే, కాసేపు కూర్చుంటే చాలనిపించింది. పెద్ద కుర్చీ కాళ్ళ మధ్య అడ్డకర్ర మీద చెయ్యి వేశాడు.

"తడి..."

చెవి పక్కనే. గొంతు గుర్తుపట్టాడు.

"అన్నయ్యా... అదెప్పుడో ఆరిపోయింది."

"తడిరా... ముట్టుకోకు..."

"అలిసిపోయాను అన్నయ్యా — కాసేపు కూర్చోనీ."

చతికిలబడ్డాడు. దగ్గు తెర ముంచుకొచ్చింది... ఊపిరి అందలేదు... కళ్ళు మూతపడుతున్నాయి —

వీపు మీద ఒక చెయ్యి పడింది. ఒక్క తోపు! రోడ్డు మీద బోర్లాపడ్డాడు. లేచి, వెనక్కి చూడకుండా ఇంటికి పరిగెత్తాడు.

తలుపు తీసిన భార్య, లోపలికొస్తున్న అతని వీపు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "చొక్కా మీద ఇదేంటండీ?"

విప్పి చూశాడు. అయిదు వేళ్ళ అచ్చు. గుప్పుమని వార్నిష్ వాసన.

మర్నాటి నుంచి అతను ఆ గది గడప తొక్కలేదు. ప్యాకింగులో చేరాడు. జీతం తక్కువే, దగ్గు మాత్రం నెమ్మదించింది.

ఆ చొక్కా ఏళ్ళ తరబడి దండెం మీదే ఉంది. ఎన్ని ఎండాకాలాలు పోయాయో... ఆ అచ్చు ముట్టుకుంటే ఇవాళ్టికీ వేళ్ళకి అంటుకుంటుంది.