తరగని మందు

2094 నాటికి పెన్నాపురంలో జబ్బు నయమైనవాళ్ళు మందును తిరిగి ఇచ్చేసి ఇంటికి వెళ్ళేవారు.

పాత యాంటీబయాటిక్‌లు ఒక్కటీ పనిచేయని రోజులవి. చిన్న గాయానికి చీము పట్టినా ప్రాణం మీదికి వచ్చేది. అప్పుడు డాక్టర్ సలోమి లోహ ఎంజైమ్‌ను తయారుచేసింది. రుథీనియం అనే అరుదైన లోహపు పరమాణువు చుట్టూ కర్బన వలయాలు అల్లిన సంశ్లిష్టం అది. మన ఒంట్లోని ఎంజైమ్ చేసే పనినే అంతకన్నా మొండిగా చేస్తుంది. బ్యాక్టీరియాను అంటిపెట్టుకుని, అక్కడి ఆక్సిజన్‌ను నిప్పులాంటి రూపంలోకి మార్చి ఆ క్రిమిని కాల్చేస్తుంది. ఉత్ప్రేరకం కాబట్టి తాను మాత్రం తరగదు. లోహం దొరకడమే కష్టం గనుక, కోలుకున్న రోగి రక్తాన్ని యంత్రంలో వడపోసి, మందును వేరుచేసి, శుద్ధిచేసి మరొకరికి ఎక్కించేవారు.

మొదట్లో ఎవరూ ఏమీ అడగలేదు. చావు భయం అంత పెద్దది. భయం కాస్త తగ్గాక ప్రశ్న మొదలైంది.

రిత్విక్ తన తల్లి లాస్యను తీసుకొచ్చాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. కాలి పుండు నుంచి విషం రక్తంలోకి పాకి, ఒళ్ళు కాలిపోతోంది.

"ఈ మందు ఇంతకుముందు ఎవరి ఒంట్లో ఉండింది మేడం?"

"మనిషి ఒంట్లో."

"అది కాదు, ఎవరనీ..." అతని చూపు ఆమె కోటు మీది పేరు దగ్గర ఆగి, పక్కకు తప్పుకుంది.

సలోమికి ఆ చూపు కొత్త కాదు. "శుద్ధిచేశాక అందులో ఎవరి ఆనవాలూ ఉండదు," అంది.

సూపరింటెండెంట్ చరణ్‌తేజ్ ఆమెను పక్కకు పిలిచాడు. "అందరూ ఇదే అడగతా ఉండారమ్మా. సీసాలు వేరు చేసేద్దాం, ఎవరివి వాళ్ళకి. మొన్న ఈడ నయమైపోయిన సినిమా హీరోయిన్ నుంచి తీసింది ఉంది చూడు, దానికైతే ఇప్పుడే క్యూ కడతా ఉండారు. గొడవ లేకుండా పోతాది గదా."

సలోమి శీతల గదిలోకి వెళ్ళి, ఉన్న సీసాలన్నీ ట్రేలో పెట్టుకుని వార్డు మధ్యకు వచ్చింది. అందరూ చూస్తుండగా ఒక్కొక్కటే మూత తీసి ఒకే గాజు జాడీలో పోసింది. నారింజరంగు ద్రవం ఒక్కటై నిలిచింది.

"ఇప్పుడు ఎవరిది ఏదో ఏరుకోండి."

చరణ్‌తేజ్ ముఖం పాలిపోయింది. "నీ ఉద్యోగం పోతాదమ్మా."

"పైకి రాయండి సార్. నా పేరు కింద గీత కూడా గీయండి."

రిత్విక్ తన తల్లి మంచాన్ని బయటికి తోయబోయాడు. లాస్య గుమ్మం పట్టుకుని ఆపింది.

"యాడికి రా? నేను చస్తే నీ కులం వచ్చి లేపుతాదా? ఎక్కించమ్మా," అని చెయ్యి చాపింది.

సలోమి సూది గుచ్చాక కూడా ఆ చేతిని కాసేపు వదల్లేకపోయింది.

జ్వరం దిగింది, పుండు మానింది. సంజాయిషీ అడుగుతూ పైనుంచి నోటీసు వచ్చింది. సలోమి దాన్ని మడిచి సొరుగులో పడేసింది.

మందు తిరిగి ఇచ్చే రోజున లాస్య ఉతికిన చీర కట్టుకుని యంత్రం పక్కన కూర్చుంది. సలోమి చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి, ఎంతో ప్రేమగా అడిగింది.

"తల్లీ, నా ఒంట్లోది ఇప్పుడు ఎవరికి పోతాది? మంచి ఇంటోళ్ళకే పోయేటట్టు చూడమ్మా."

సలోమి మెల్లగా తన చెయ్యి విడిపించుకుంది.

"నీకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నామె కూడా ఇదే మాట అడిగింది అవ్వా. ఆమెకు చెప్పలేదు. నీకూ చెప్పను."

లాస్య ఇంకేదో అనేలోగా యంత్రం ఆన్ చేసింది.