ఆవకాయ జాడీ కింద ఆసుపత్రి

"నా ఆసుపత్రి పోయిందమ్మా!"

ఉదయం పదింటికి డిటెక్టివ్ సత్యశ్రీ ఆఫీసు గుమ్మంలో నిలబడి ఇంజనీరు పరబ్రహ్మం గారు అన్న మొదటి మాట అది. ఇంకా కట్టని ఆసుపత్రి ఎలా పోతుందని ఆమె అసిస్టెంటు బలరాం నోరు తెరిచాడు. భిలాయి ఉక్కు ప్లాంటులో క్రేను నడిపి రిటైరైన మనిషి. ఎంత బరువైనా కళ్లెదుటే కదలాలంటాడు.

పోయింది ఆయన గీసిన ఆసుపత్రి మ్యాపు. పిల్లల ఆసుపత్రికి డబ్బిచ్చే ట్రస్టువాళ్లు నాలుగింటికి వస్తున్నారు. చూపించకపోతే ఆ ఆసుపత్రి రాయ్‌పూర్‌కి వెళ్లిపోతుంది.

"కంప్యూటర్లో కాపీ లేదా?"

"చేత్తో గీశానమ్మా. కంప్యూటర్ గీతకి వెన్నెముక ఉండదు."

ముగ్గురూ సెక్టర్ 2లో ఆయన క్వార్టరుకి వెళ్లారు. రాత్రి ఆసుపత్రి కమిటీ మీటింగు అక్కడే జరిగింది. వచ్చినవాళ్లు ఇద్దరే. రైల్వేలో రిటైరైన తాతబ్బాయి, డాక్టర్ రాజశ్రీ. తెల్లారేసరికి మ్యాపు గొట్టం ఖాళీ. మూత మాత్రం బుద్ధిగా బిగించి ఉంది. కబురు పెడితే ఆ ఇద్దరూ మళ్లీ వచ్చారు.

"ఆసుపత్రి మా రైల్వేవాళ్లుండే భిలాయి-3లో కట్టమన్నాను. అంతమాత్రాన దొంగనైపోతానేటి?" అన్నాడు తాతబ్బాయి.

"ప్లాను బాగాలేదని మొహమ్మీదే చెప్పాను. ఎత్తుకెళ్లడం దేనికి?" అంది రాజశ్రీ.

సత్యశ్రీ వంటింట్లోకి నడిచింది. పరబ్రహ్మం గారి భార్య ఛాయ టీ పెడుతోంది. ఇంజనీర్ల ఇళ్లలో పాత డ్రాయింగులు పారెయ్యరు, తిరగేసి గూళ్లలో పరుస్తారు. ఇక్కడా అంతే. పసుపు డబ్బా కింద, పప్పుల సీసాల కింద ఎర్రబారిన కాగితాలు. ఆవకాయ జాడీ కింద మాత్రం తెల్లది.

"మ్యాపు మీరు చూశారా పిన్నిగారూ?"

"నేను చూళ్లేదమ్మా. నాకేటి తెలుస్తాయి అవన్నీ? ఆ అడుగున్నర సందులో ఏ తల్లి నడుం వాలుస్తుందో గానీ... పంచదార ఎన్ని చెంచాలు?"

"రెండు," అంది సత్యశ్రీ సంతోషంగా.

టీ అయ్యాక అందర్నీ ముందుగదిలో కూర్చోబెట్టింది.

"బయటి దొంగకి గొట్టంతో సహా పట్టుకుపోవడం సులువు. మూత బిగించింది ఇల్లు సర్దుకునే చెయ్యి. చూడని మ్యాపులో మంచాల మధ్య సందు కొలత చెప్పిన నోరూ ఆ మనిషిదే. బలరాం గారూ, ఆవకాయ జాడీ ఎత్తండి."

"వాహ్ మేడం!" అంటూ బలరాం జాడీని క్రేనంత జాగ్రత్తగా లేపాడు. కింద తిరగేసిన ఆసుపత్రి!

పరబ్రహ్మం గారు భార్యవైపు తిరిగారు. ఛాయ తడబడలేదు.

"మన అమ్మాయి కిరణ్మయికి నిమోనియా వచ్చినప్పుడు పదకొండు రోజులు వరండాలో నిలబడ్డాను. మీరు షిఫ్టులో ఉన్నారు. ఈ మ్యాపులో తల్లులకి గేట్‌పాస్ రాసిచ్చే గది ఉంది, పడుకోడానికి చోటు లేదు. అడిగితే ఇదేం ధర్మశాల కాదన్నారు. మీరు గీసింది ఆసుపత్రి కాదు, ఇంకో ప్లాంటు."

"రాత్రి నేనన్నదీ అదే," అంది రాజశ్రీ.

గోడ గడియారం ఒంటిగంట కొట్టింది. పరబ్రహ్మం గారు జేబులోంచి రబ్బరు తీశారు.

నాలుగింటికి ట్రస్టు పెద్దాయన మ్యాపు మీద వేలు పెట్టి ఆగాడు. ఒకచోట గుండ్రంగా ఎర్రటి నూనె మరక.

"యే క్యా హై, భాయ్‌సాబ్?"

పరబ్రహ్మం గారు వంటింటివైపు ఒకసారి చూశారు.

"మొదట్లో అక్కడ గేట్‌పాస్ గది ఉండేదండి. ఇప్పుడు అమ్మలు పడుకుంటారు."