బొంత మింగిన పోగు

“పదిహేను రోజుల్ల గీ దవాఖానకు డాక్టర్ అస్తడు. మాటిస్తున్న. నోరులేని జీవాలకు గూడ న్యాయం చేస్తం!”

పశువుల దవాఖాన ముందు రిబ్బను కత్తిరించి, మైకులో ఆ మాటన్న నాయకుడికి సాంచెల వాడంతా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది సుధాకరే. ఆ తర్వాత గేటు తాళానికి తుప్పు పట్టింది. ఆ చప్పట్లు గుర్తొస్తే సుధాకర్‌కు ఇప్పటికీ అరచేతులు మండుతాయి.

సుధాకర్, వాళ్ల బాపు రాజం సాలోళ్లు, మరమగ్గాల షెడ్డులో బట్ట నేస్తారు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. షెడ్డు వెనక గదిలోనే వాళ్ల కాపురం. అవ్వ, అంటే సుధాకర్ తల్లి శంకరవ్వ, ఉన్నన్నాళ్లు రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టేది. ఆమెది ఎడమచేతి వాటం. తెగిన పోగుకు ఆమె వేసే ముడి ఎడమకు తిరిగి ఉండేది, వాడలో ఇంకెవరికీ అట్లా పడేది కాదు. పోయిన చలికాలం దగ్గి దగ్గి పోయింది. ఆమె రాట్నం మూలకు చేరింది. ఆమె ఒళ్లో పడుకునే పిల్లి, బొంత, మిగిలింది.

జూలై ముసురులో బొంత ఆగిపోయిన సాంచె కిందికి దూరి బయటికి రాలేదు.

రాజం వంగి చెవి ఒగ్గాడు. “గుర్రుమంటంది గదరా. మంచిగనే ఉంది. నువ్వే ఉత్తగ పరేషాన్ అయితున్నవ్.”

“నొప్పి ఉన్నా గుర్రుమంటది బాపు. పిల్లి రోగం చెప్పుకోదు, దాచుకుంటది. చీకట్ల దూరుతది, తిండి మానేస్తది, ఒళ్లు నాక్కోదు. బొచ్చు చూడు, ఎట్ల అట్టలు కట్టిందో.”

“గన్ని పుస్తకాలు సదివినవ్. పిల్ల దొరుకుతలేదు గని పిల్లి మనసు దొరికింది నీకు.”

సుధాకర్ సాంచె కిందికి చెయ్యి పెట్టి బొంత దవడ మెల్లగా తెరిచాడు. నాలుక కింద తెల్లటి పోగు మెలిపడి ఉంది. ఒక కొస గొంతులోకి పోయింది. ఇంకో కొస పెదవి మీదికి వేలాడుతోంది. పిల్లి నాలుకకు ముళ్లుంటాయి. నోట్లోకి పోయిన పోగును ఉమ్మలేదు, మింగుతూనే ఉంటుంది.

రాజం చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది. సుధాకర్ మణికట్టు పట్టుకున్నాడు.

“గుంజకు! పేగులు కుచ్చులు పడి కోసుకపోతయ్. డాక్టరే కోసి తియ్యాలె.”

“పోగు ఏలాడుతుంటే సాలోని చెయ్యి ఆగుతదా బిడ్డా?”

“నేనచ్చేదాక ముట్టనని చెప్పు.”

“ముట్ట. మీ అవ్వ మీద ఒట్టు.”

ఫోన్ చేస్తే దవాఖాన అటెండర్ కొండల్, “సార్ కరీంనగర్ నుంచి అస్తుండు, గేటు కాడ ఉండు” అన్నాడు. సుధాకర్ వానలో నిలబడ్డాడు. పొద్దు గూకేదాకా నిలబడ్డాడు. చివరికి కొండల్ గొడుగేసుకుని వచ్చాడు.

“పిల్లికా? బర్రె అనుకున్న. సార్ రాడు తమ్మీ, పో.”

“హామీలిచ్చుడు మీ వంతు, సచ్చుడు మా వంతా?” సుధాకర్ గేటును పట్టుకుని ఊపాడు. తాళం తప్ప ఏదీ కదల్లేదు.

వాడకు తిరిగొచ్చేసరికి కరెంటు లేదు. ఎన్నడూ మూగబోని సాంచెలన్నీ ఊపిరి బిగబట్టినట్టు ఉన్నాయి. షెడ్డులో నూనె వాసన, గంజి వాసన... వాటి కింద ఇంకేదో తడిసిన బొచ్చు వాసన. లోపల గుర్రుమని చప్పుడు. దాంతో పాటు... కిర్... కిర్... కిర్...

అవ్వ రాట్నం.

“బాపూ...”

“ష్... నేను గుంజుతలే. అదే అస్తంది.”

ఫోన్ లైటు వేశాడు. రాజం రాట్నం ముందు కూర్చున్నాడు. బొంత నోట్లోంచి పోగు తిన్నగా వచ్చి కండెకు చుట్టుకుంటోంది. నెత్తురు లేదు. తడి లేదు. మల్లెపువ్వంత తెల్లటి నూలు. రాజం మోకాలి పక్కన నిండిన కండెలు కుప్ప పడి ఉన్నాయి. ఒక పిల్లి కడుపులో పట్టేంత నూలు కాదది.

“ముట్టనంటివి గదా!”

“కొస కింద పడి మురికయితదని జర పట్టుకున్న... గంతే. ముడి తగిలింది. చూడు... ఎడమకు తిరిగింది. మీ అవ్వ ముడి. ఒకటి పోతే ఇంకోటి అస్తంది...”

సుధాకర్ బొంత మీద చెయ్యి వేశాడు.

చల్లగా ఉంది. బిగుసుకుపోయింది. ఎప్పుడో చచ్చిపోయింది.

గుర్రు మాత్రం ఆగలేదు.

కత్తెర అందుకున్నాడు.

“కొయ్యకురా... ఇంకా ఉన్నది... కొయ్యకు...”

కోశాడు. పిల్లి వైపు కొస కింద పడలేదు. సర్రున లోపలికి పోయింది... ఎవరో అటునుంచి లాగినట్టు. గుర్రు ఆగింది. రాట్నం ఒక్కసారి వెనక్కి తిరిగింది. ఎడమకు.

మర్నాడు బొంతను షెడ్డు వెనక పూడ్చారు. రాజం ఒక్క మాట మాట్లాడలేదు. బువ్వ ముట్టలేదు. స్నానం చెయ్యలేదు, తల అట్టలు కట్టింది. ఆ మరుసటి సాయంత్రం గదిలో కనబడకపోతే సుధాకర్ షెడ్డంతా వెతికాడు. ఆగిపోయిన సాంచె కింద, చీకట్లో ముడుచుకుని ఉన్నాడు బాపు.

“లే బాపు, కరీంనగర్ పోదాం. పెద్ద దవాఖానకు.”

రాజం ఇంకా లోపలికి జరిగాడు. అతని ఛాతీలోంచి సన్నగా చప్పుడు వస్తోంది.

గుర్ర్... గుర్ర్...

సుధాకర్ లైటు దగ్గరికి పెట్టాడు. బాపు పెదవి మూలన తెల్లటి పోగు కొస. దాని చివర ముడి. ఎడమకు తిరిగిన ముడి.

గుంజొద్దు. గుంజొద్దు. సుధాకర్‌కు అందరికంటే బాగా తెలుసు, గుంజొద్దు. కానీ అతనూ సాలోడే. కుడిచెయ్యి అప్పుడే ముందుకు సాగింది. వేళ్లు పోగుకు జానెడు దూరంలో ఉన్నాయి.

పళ్లతో తువ్వాల బిగించి, ఆ చేతిని సాంచె కమ్మీకి కట్టేసుకున్నాడు. అంబులెన్సుకు ఫోన్ చేశాడు. వాగు పొంగింది, తెల్లారేదాకా రాలేమన్నారు. తెల్లారేదాకా ఎడమచేతికి ఏదో ఒక పని కావాలి, లేదంటే అదే కట్టు విప్పుతుంది. కండెల డబ్బా అట్ట చింపాడు. తెల్లారి దవాఖాన గేటుకు కట్టాలని, ఎడమచేత్తో బొగ్గు పట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. పుట్టి బుద్ధెరిగి ఎడమచేత్తో ఒక్క అక్షరం రాసినవాడు కాదు.

అక్షరాలు వంకర పోలేదు. ముత్యాల్లా వచ్చాయి, అవ్వ ఎడమచెయ్యి పట్టి దిద్దించినట్టు.

“డాక్టర్ ఏడి? జూలై 31 లోగా జవాబు చెప్పాలె.”