ఆపరేషన్ మీగడ

ఆమెకు తుపాకీ అంటే భయం లేదు. ఉన్న భయం ఒక్కటే. ఏదో ఒక రోజు మూసుకుపోయిన తలుపు వెనక తను చిక్కుకుపోతుంది. అవతల క్రెష్ గేటు దగ్గర రెండేళ్ల పాప తన బుల్లి బ్యాగు పట్టుకుని ఒక్కతే నిలబడి ఉంటుంది. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో చేరిన నాటి నుంచి ఆమెకు వచ్చే పీడకల అదే.

మూడు వారాల కిందట, టైలరింగ్ షాపు వెనక గదిలో, చీఫ్ ఒక ఫైలు ఆమె ముందుకు తోశాడు.

"ఆపరేషన్ మీగడ. బ్యాటరీ ఫ్యాక్టరీ వీధిలో ముప్పై రెండు మంది తల్లుల నుంచి చిటికెడు కొవ్వు తీశారు. ఫ్యాక్టరీ వదిలే కాడ్మియం లోహం ఆ కొవ్వు కణాల్లో చేరి వాటి పనితీరే చెడగొడుతోందని ప్రొఫెసర్ అనుమానం. రుజువైతే ఫ్యాక్టరీకి తాళం. విదేశీ ఓనర్లు ఒక ముఠాని దింపారు. ఆ కొవ్వున్న ట్యూబులు మార్చేస్తారు. నువ్వు ఆపాలి."

"ఎనిమిదో తరగతితో బడి మానేశాను సార్. కొవ్వు కణాల గురించి నాకేం తెలుసు?"

"తెలియక్కర్లేదు. సీసాలు కడుగు. కళ్లు తెరుచుకుని కడుగు. లోపల మన ఏజెంట్ ఇంకొకరున్నారు. 'నురగ పోయిందా' అని అడుగుతారు. 'ఇంకోసారి కడగాలి' అను."

ఆమె ఫైలు మూసింది. పాప క్రెష్ ఉన్నది ఆ వీధిలోనే. పాప పీల్చేదీ ఆ దుమ్మే. చీఫ్ తననే ఎందుకు పిలిచాడో ఆమెకు అర్థమైంది.

ల్యాబ్‌లో ఆమెకు సీసాలక్క అని పేరు పడింది. లోహపు జాడ మిగలకుండా ప్రతి సీసా ఒక రోజంతా యాసిడ్ తొట్టిలో నానాలి. రంగు మూతలు వాడకూడదు. ఉంగరాలు తీసెయ్యాలి. కొవ్వు ట్యూబుల జిడ్డు మాత్రం ఎప్పుడూ మెడ దగ్గరే పట్టుకునేది. బ్రష్ అడుగుదాకా పోయే పనే ఉండేది కాదు.

రెండో రోజే డాక్టరమ్మ వచ్చి "నురగ పోయిందా?" అని అడిగింది. లోహాల పరీక్షల్లో ఆరితేరిన మనిషి. ఆవిడ నడిచి వెళ్తే కారిడార్‌లో తలలన్నీ అటే తిరిగేవి.

పరీక్ష రోజు వచ్చింది. ఐదింటికి తనిఖీ కమిటీ ముందు ట్యూబుల్లో యాసిడ్ పోసి మరిగిస్తారు. అంతా కరిగి నీళ్లవుతుంది. ఆ తరవాత ఏది అసలో ఏది నకిలీయో దేవుడు కూడా చెప్పలేడు.

నాలుగింటికి సీసాలక్క ట్రాలీ మీదికి వంగి చూసింది. ముప్పై రెండు ట్యూబుల్లోనూ తెల్లటి మడ్డి అడుగున పేరుకుని ఉంది.

"డాక్టరమ్మా, ఇవి మారిపోయాయి" అంది గుసగుసగా. "జిడ్డు పైన ఉండాలి కదా."

డాక్టరమ్మ ఒక ట్యూబు ఎత్తి వెలుగులో చూసింది. "నిజమే చెల్లీ. అసలైనవి కోల్డ్ రూమ్‌లో దాచి ఉంటారు. పద, వెతుకుదాం."

అసలు ట్యూబులున్న ట్రే కోల్డ్ రూమ్ కింది అరలోనే దొరికింది. దాన్ని తీసుకుని సీసాలక్క వెనక్కి తిరిగేసరికి డాక్టరమ్మ బయట నుంచి తలుపు మూస్తోంది.

"మనిద్దరం ఒక జట్టు కదా?"

"నేను రెండు జట్లలోనూ ఉన్నాను చెల్లీ. రేపు పొద్దున దొంగా, దొంగసొత్తూ ఒకే చోట దొరుకుతాయి. నీ చేతిలోవే మార్చడానికి తెచ్చిన నకిలీలంటాను. స్వెటర్ వేసుకుని రావాల్సింది."

తలుపు బిగుసుకుంది. లోపలి పిడి ముందే ఊడదీసి ఉంది. జాకెట్టుకున్న పిన్నీసు నిజానికి ట్రాన్స్‌మిటర్. మూడుసార్లు నొక్కింది. ఆ స్టీలు గోడల్ని దాటి సిగ్నల్ పోలేదు. తలుపు బాదింది. మందపాటి తలుపు చప్పుడంతా మింగేసింది. నాలుగు డిగ్రీల చలి. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఐదున్నరకి క్రెష్ మూసేస్తారు. పాపను తీసుకెళ్లడానికి ఇంకెవరూ లేరు.

నాలుగున్నరకి గోడ మీంచి వేలాడుతున్న తీగ కంటబడింది. చివర గది వేడిని కొలిచే బొటనవేలంత సెన్సర్. మొదటి వారంలో ఈ గది తుడుస్తూ తలుపు తీసి ఉంచినందుకు వాచ్‌మన్ తాత చేత చీవాట్లు తింది. ఎనిమిది డిగ్రీలు దాటి పది నిమిషాలుంటే కింద ఆయన బల్ల దగ్గర గంట మోగుతుంది.

పాపకు జ్వరం చూసినట్టే ఆ సెన్సర్‌ని చంకలో పెట్టుకుని, చెయ్యి గట్టిగా బిగించి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఐదింటికి ఇంకా ఆరు నిమిషాలుండగా తలుపు తెరుచుకుంది.

"మళ్లీ నువ్వేనా?" అన్నాడు తాత. ఆయన చూపు ట్రే మీద పడింది. "ఆ ట్యూబులు నీ చేతిలో ఎందుకున్నాయి?"

"దొంగతనం చేశాననుకో తాతా. నన్ను పట్టుకుని పైకి లాక్కెళ్లు. కాస్త పరిగెత్తుతూ లాక్కెళ్లు."

వాళ్లు ల్యాబ్‌లోకి వచ్చేసరికి డాక్టరమ్మ చేతిలోని గొట్టం చివర యాసిడ్ చుక్క వేలాడుతోంది.

"ఆగండి సార్" అంది సీసాలక్క ప్రొఫెసర్‌తో. రెండు ట్యూబులు పక్కపక్కన పట్టుకుంది. "ఇది ట్రాలీ మీదిది. ఇది నా దగ్గరిది. కొవ్వు ఎందులో ఉందో మీరే చూడండి."

"సీసాలు కడిగే ఆవిడ మాట వింటారా?" అంది డాక్టరమ్మ.

ప్రొఫెసర్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని చూశాడు. ఒక దాంట్లో పాల మీద మీగడలా తెల్లటి పొర తేలుతోంది. రెండో దాంట్లో అడుగున మడ్డి.

"డాక్టర్, లోహాల గురించి మీకు తెలియనిది లేదు" అన్నాడు నెమ్మదిగా. "కానీ ఈ అడుగునున్నవి ఇంకా కొవ్వు పట్టని పిల్ల కణాలు. ఇరవై ఏళ్లుగా కొవ్వుతోనే బతుకుతున్నాను. మునిగిన కొవ్వుని ఇవాళే చూస్తున్నా."

డాక్టరమ్మ గొట్టం కింద పెట్టి తలుపు వైపు తిరిగింది. అక్కడ తాత అడ్డంగా నిలబడి ఉన్నాడు.

అసలు ట్యూబుల్లో కాడ్మియం లెక్క మిషన్‌లో ఎంత పైకి పోయిందో చూడటానికి సీసాలక్క ఆగలేదు. ఐదు నలభైకి క్రెష్ చేరింది. ఆయా పాపను చంకనేసుకుని గేటు బయట నిలబడి ఉంది.

"ఎక్కడ చిక్కుకుపోయావమ్మా?"

"సీసాలు ఎక్కువున్నాయి అక్కా."

పాప ఆమె చేతులు తాకి "చల్లగా" అంది.

చీఫ్ ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. పిన్నీసు సిగ్నల్ అందలేదనీ, ఆమె కోసం మర్నాటిదాకా ఎవరూ వెతికేవాళ్లు కారనీ కూడా చెప్పాడు. ఫ్యాక్టరీకి తాళం పడింది. కొత్త పిన్నీసు మాత్రం ఇంకా రాలేదు.

మీ ఆఫీసులోనూ గ్లాసులూ గిన్నెలూ కడిగే ఆవిడ ఒకరు ఉండే ఉంటారు. తాళం వేసే ముందు ఒక్కసారి లోపలికి తొంగి చూసి రండి, ఆవిడ ఇంటికి వెళ్లిందో లేదో.