టీకా వద్దన్న నాయనమ్మ

విక్టోరియా రాణి ఏలుబడి రోజులవి. తెల్లారేసరికి పడవలు వేటకు వెళ్లిపోయాయి. మొగల్తూరు దగ్గరి ఆ పల్లెలో మహాలక్ష్మమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. అరుగు మీద కోడలు లోవలక్ష్మి కూతురు చిట్టెమ్మకు తల దువ్వుతోంది.

మిషను బడిలో ఆడపిల్లల్నీ చేర్చుకుంటున్నారని ఆ ఏడే తెలిసింది. మనవరాలు చదువుకోవడం మహాలక్ష్మమ్మకూ ఇష్టమే. గొడవల్లా మశూచి టీకా దగ్గరే. చేతి మీద టీకా మచ్చ లేనిదే బడిలోకి రానివ్వరు.

"ఆ బెంగ తీరిపోయింది లేవే," అంది మహాలక్ష్మమ్మ. "నిన్న బడిలో ఆశీర్వాదం పంతులుగారిని అడిగొచ్చాను. ఇంటి పెద్ద అమ్మవారి పేరు చెప్పి వద్దంటే, టీకా లేకుండానే చేర్చుకోమని మిషను దొరగారి ఉత్తరువంట. వద్దని చెప్పేశాను."

లోవలక్ష్మి చేతిలో దువ్వెన ఆగిపోయింది. "నన్నడక్కుండానా అత్తా?"

"నిన్నడిగేదేంటే? అమ్మవారు మనింటికి కొత్తా? నా చిన్నోణ్ణి తీసుకుపోయింది. కత్తితో గీరి ఆవిణ్ణి రెచ్చగొడితే ఊరుకుంటుందా?"

"ఆ బడికి నాలుగూళ్ల పిల్లలొస్తారు. ఎక్కణ్ణుంచైనా ఆ జబ్బొస్తే ముందు పడిపోయేది టీకా లేని నా పిల్లే కదా!"

"నోర్ముయ్! నీకు తల్లంటే భయం లేదు."

కాపురానికి వచ్చాక లోవలక్ష్మి అత్తకు ఎదురు చెప్పింది లేదు. ఈసారి మాత్రం లేచి నిలబడింది.

"భయముంది గనకే అడుగుతున్నాను. మరిదికి అమ్మవారు పోసినప్పుడు వాణ్ణి ఒళ్లోంచి దింపలేదు నువ్వు. నన్ను గుమ్మం తొక్కనివ్వలేదు. మరి నీకు రాదా అంటే ఏమన్నావు?"

మహాలక్ష్మమ్మ చెయ్యి తన ముఖం మీది స్ఫోటకపు మచ్చల మీదికి వెళ్లింది. 'నన్ను చిన్నప్పుడే చూసి వెళ్లిందే. ఒకసారి చూసినవాళ్ల జోలికి అమ్మ మళ్లీ రాదు.' ఆ మాట తనదే.

"చిట్టినీ ఒక్కసారి చూసి పొమ్మందాం అత్తా. ఒళ్లంతా కాదు, జబ్బ మీద చింతగింజంత." లోవలక్ష్మి కూతురి జబ్బ పట్టుకుని చూపించింది. "నీ మాట దాటి ఏ పనీ చెయ్యను. కానీ టీకా లేకపోతే బడీ వద్దు."

మహాలక్ష్మమ్మ కోడలి వంక తేరిపార చూసింది. కొడుకు పోయిన ఆ రోజుల్లో గుమ్మం అవతల గంజి ముంత పెట్టి, తను తాగేదాకా కదలకుండా ఏడుస్తూ నిలబడింది ఈ పిల్లే. దీనికా తల్లంటే భయం లేదన్నాను అనుకుంది. చేతులు కడుక్కుని బడి దారి పట్టింది.

"పంతులుగారండి, నిన్న వద్దన్నది నేనేనండి. ఇయ్యాళ వేయించమనేదీ నేనేనండి."

"అమ్మవారికి కోపం రాదంటారా?" అన్నాడు ఆశీర్వాదం మెల్లగా.

"వస్తే నా మీదికి రమ్మంటానండి."

టీకాలాయన వచ్చిన రోజు చిట్టెమ్మ నాయనమ్మ ఒళ్లోనే కూర్చుంది. వారం తిరిగేసరికి జబ్బ మీద పొక్కు లేచింది, ఒళ్లు కాలిపోయింది. అంత గట్టిగా నిలబడ్డ లోవలక్ష్మి ఇప్పుడు బెంబేలెత్తిపోయింది.

"తప్పు చేశానేమో అత్తా!"

"తప్పేంటే పిచ్చిదానా? అమ్మ చుట్టపుచూపుగా వచ్చిందంతే." మహాలక్ష్మమ్మ గుమ్మానికి వేపమండలు కట్టింది, పెరుగన్నం నైవేద్యం పెట్టింది. ఒక చేత్తో మనవరాలి నుదురు తడుముతూ, రెండో చేత్తో కోడలి తలను తన భుజానికి ఆనించుకుంది. జ్వరం దిగేదాకా ముగ్గురూ ఒకే చాప మీద ఉన్నారు.

పొక్కు మాడి మచ్చ పడ్డాక చిట్టెమ్మ బడికి వెళ్లింది. రేవులో ఆడవాళ్లు మహాలక్ష్మమ్మను చుట్టుముట్టారు.

"ఎంత ధైర్యమమ్మా నీకు!"

"నాదేంటి ధైర్యం? నేను వద్దనే చెప్పొచ్చాను," అంది ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "పిల్లని కాపాడుకుంది నా కోడలు. మీ పిల్లల సంగతీ దాన్నే అడగండి."