తాగొచ్చు

రసన ఎనిమిది సెకన్లపాటు గ్లాసులో నాలుక ముంచి, బయటికి తీసి, ఎప్పటిలాగే మొహమాటం లేకుండా తీర్పు చెప్పింది. గోడ మీది తెరలో ఎర్రగా ఒక అంకె వెలిగింది. ముప్పై ఎనిమిది.

“ఇంకొక్కసారి చూడుండ్రి మేడం,” అన్నాడు శ్రీశైలం.

“ఇది మూడోసారండీ శ్రీశైలం గారూ. ముప్పైసార్లు ముంచినా అదే చెబుతుంది. విసిగిపోయి ఒక మార్కు ఎక్కువెయ్యడానికి అది మనిషి కాదుగా.”

డాక్టర్ వేదవల్లి ఆ మాట గర్వంగా అనలేదు. రసనను తయారుచేసింది ఆవిడే అయినా, ఈ మధ్య దాని గురించి మాట్లాడేటప్పుడు మాట వినని పిల్లవాడి తల్లిలా మాట్లాడుతోంది.

రసన అంటే ఏమిటో ముందు చెప్పాలి. చూడ్డానికి చెంచా కాడంత గాజు కడ్డీ. దాని కొసన గోరంత మెత్తటి పొర, ఆ పొరలో పద్నాలుగు వేల సెన్సర్లు. చేదు, పులుపు, పొగ, పండు వాసన, నురుగు మెత్తదనం, అన్నీ పట్టేస్తుంది. పట్టడం గొప్ప కాదు, ఆ పని పాత యంత్రాలూ చేసేవి. ఈ బీరులో ఫలానా ఆమ్లం ఇంత ఉందని కాగితం కొట్టి ఇచ్చేవి. ఇంతకీ బాగుందా లేదా అని అడిగితే మాత్రం వాటికి నోరు పెగిలేది కాదు. బాగుందో లేదో చెప్పాలంటే యంత్రానికి ఒక మనిషి దగ్గర చదువు కావాలి. రసనకు చదువు చెప్పిన ఆ మనిషి ఈ బొమ్మగాని శ్రీశైలమే.

అప్పట్లో హైదరాబాదులో అతన్ని ఎరగని బ్రూవరీ లేదు. ఇది గోధుమల వీట్ బీర్, ఈ నల్లటి స్టౌట్‌లో మొలకగింజల మాల్ట్ కాస్త మాడింది, ఈ చేదు ఐపీఏలో హాప్స్ పూలు నిరుటివి అని వాసనతోనే సగం చెప్పేసి, గుక్కతో మిగతా సగం చెప్పేవాడు. తాతముత్తాతలు కల్లు కోసం తాళ్ళెక్కినవాళ్ళు, నాలుక ఊరికే రాలేదు. పదమూడు నెలలపాటు రోజూ పొద్దున పదింటికి వచ్చి, దవడ కింద ఒక పట్టీ అంటించుకుని కూర్చునేవాడు. గుక్కకీ గుక్కకీ మధ్య గోరువెచ్చని నీళ్ళు, గుప్పెడు మరమరాలు. పట్టీ అతని నరాల కదలికను రాసుకునేది, అతను కాగితం మీద మార్కులు రాసేవాడు. అలా పదకొండు వేల గుక్కలు. గ్లాసుల మీద నంబర్లే తప్ప పేర్లుండేవి కావు.

యంత్రం తయారైంది, అతనికి శాలువా కప్పారు. మూడేళ్ళు తిరిగేసరికి పానీయ ప్రమాణాల మండలి అని ఒకటి పుట్టి, రసన దగ్గర అరవై రాని బీరు వచ్చే ఒకటో తారీఖు నుంచి అమ్మకూడదని ఉత్తర్వు తెచ్చింది. ఇప్పుడు గ్లాసులో ఉన్న ఈ ముప్పై ఎనిమిది మార్కుల బీరు శ్రీశైలం భార్య స్వరూప కాచింది. ఘట్‌కేసర్ దాటాక రెండు రేకుల షెడ్లు, మూడు ట్యాంకులు, నలుగురు ఆడవాళ్ళు. జొన్నల్ని పెద్ద పెంకల మీద తుమ్మకట్టెల పొగకు దోరగా వేయించి కాచే బీరు. ఇరవై రెండేళ్ళుగా ఆమె బతుకంతా ఆ పొగలోనే ఉంది. ఒకటో తారీఖుకు ఇంకా పద్దెనిమిది రోజులు.

వేదవల్లి గ్లాసులో మిగిలిన బీరు అందుకుని ఒక గుక్క తాగింది. తరవాత ఇంకొకటి. గ్లాసు ఖాళీ అయ్యేదాకా కింద పెట్టలేదు.

“అద్భుతంగా ఉందండీ. అదే నాకూ అర్థం కావడం లేదు. మీ పాత రికార్డులు తీద్దాం.”

తెర మీద రెండు గీతలు వచ్చాయి. ఒకటి నీలం, ఒకటి ఎరుపు. నీలం గీత శ్రీశైలం నరాలు చెప్పింది, ఎరుపు గీత అతని చెయ్యి రాసింది. పదకొండు వేల గుక్కల్లో రెండూ ఎడ్లజతలా పక్కపక్కనే నడిచాయి. ఒక్క నలభై ఒక్క చోట్ల మాత్రం నీలం గీత పైకప్పుకు తగిలితే, ఎరుపు గీత పాతాళంలో పడి ఉంది.

“ఈ నలభై ఒక్క గ్లాసులూ ఒకే బ్రూవరీవి,” అంది వేదవల్లి మెల్లగా. “మీ ఇంటివి. పేరు లేకపోయినా మీరు గుర్తుపట్టారు కదూ?”

శ్రీశైలం తల వంచుకున్నాడు. గుర్తుపట్టకపోవడమేమిటి? గ్లాసు మూడడుగుల దూరంలో ఉండగానే తెలిసిపోయేది. ఆ పొగ వాసన రోజూ స్వరూప కొంగులో ఉండేదే.

“మా నాయిన తాళ్ళెక్కెటోడు మేడం. కల్లు లొట్టి దించి ఎవలకన్న పోస్తే, ‘ఏదో, పుల్లగున్నది, తాగొచ్చు’ అనెటోడు. అమృతమసుంటి కల్లు గూడ గంతే. మన చెట్టు కల్లు మనమే పొగుడుకుంటే చెట్టుకు దిష్టి తగుల్తది అనెటోడు. తాగినోడే మంచిగున్నది అనాలె. పరాయోళ్ళ కల్లుకు మాత్రం, ఎంత ఖరాబున్నా, మంచిగున్నదనే చెప్పి వచ్చెటోడు. నేనూ గట్లనే పెరిగిన. పరాయోళ్ళ గ్లాసులకైతే, అది పని గాబట్టి, ఉన్నదున్నట్టే రాసిన. ఇంటి బీరుకు నేనే తొంభై ఏసుకుంటే నలుగురేమంటరు? పెండ్లాం బీరుకు మొగడు మార్కులేసుకున్నడు అనరా? అందుకే జర తక్కువేసిన.”

“జర?”

“జర ఎక్కువనే తక్కువేసిన.”

పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు పెద్దలు. కాకపోతే ఆ సామెత విన్నవాళ్ళు నవ్వి ఊరుకుంటారు, యంత్రం నోట్సు రాసుకుంది.

వేదవల్లి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “నాలుక ఒకటి చెప్పి, చెయ్యి ఇంకొకటి రాసినప్పుడు చేతినే నమ్మమని యంత్రానికి నేర్పింది నేను. నాలుక తొందరపడుతుంది, నిపుణుడు ఆలోచించి రాస్తాడు కదా అనుకున్నాను. అసలు దెబ్బ అక్కడే తగిలింది. మీ నాలుక పైకప్పుకు తగిలేంత సంబరపడింది ఆ నలభై ఒక్కసార్లే శ్రీశైలం గారూ. ఇంకే బీరుకూ అంత పొంగలేదు. దాంతో రసన ఏం నేర్చుకుందంటే, మనిషి ప్రాణం లేచివచ్చేంత బాగుంటే ఆ బీరులో ఏదో లోపం ఉన్నట్టే, మార్కులు కొయ్యాలి అని. మీ ఒక్కరిదే కాదు. ఈ మూడేళ్ళలో రసన మార్కులు చూసి బార్లు కొనడం మానేస్తే మూతబడ్డ చిన్న బ్రూవరీలన్నీ ఇలాంటివేనేమో.”

ఇరవై రెండేళ్ళ కాపురంలో తన నాలుకకు ఇంకేదీ అంతగా నచ్చలేదన్న సంగతి శ్రీశైలానికీ ఇప్పుడే తెలిసింది. సంతోషించాల్సిన సమయం మాత్రం కాదు.

“తప్పు నాది. దిద్దుత. ఆ నలభై ఒక్కటికి మళ్ళ మార్కులేస్త, ఎక్కించుండ్రి.”

“మార్చే అధికారం నాకు లేదు, మండలిదే. మార్కులు దిద్దాలంటే ముందు మీరు అర్హులైన రుచిచూపరి అని తేలాలి. పది గ్లాసులిస్తారు. తొమ్మిదింటికి మీ మార్కులూ రసన మార్కులూ కలవాలి.”

“నా నాలుక నుంచి పుట్టిందే గదా అది. కలవక యాడికి పోతది?”

పరీక్ష మర్నాడే పెట్టారు. దవడకు పట్టీ లేదు, అదొక్కటే తేడా. ఈసారి శ్రీశైలం నాయిన మాట పక్కన పెట్టి, గుండె మీద చెయ్యి వేసుకుని రాశాడు. లాగర్‌కు డెబ్బై, వీట్ బీర్‌కు అరవై ఆరు. నాలుగో గ్లాసు ఎవరో మామిడల్లం వేసి కాచిన బీరు, ఎవరు కాచారో తెలియదు గానీ ఒక్క గుక్కకే ఒళ్ళు జలదరించింది, తొంభై వేశాడు. ఏడో గ్లాసు ఇంటిది. నిజం రాయడం అంత కష్టమని అతనికి అప్పుడే తెలిసింది. తొంభై ఆరు అని రాసి, కాగితం బోర్లా పెట్టాడు.

పదిలో ఆరు కలిశాయి. అతని ప్రాణానికి హాయనిపించిన నాలుగూ కలవలేదు.

మండలి గుమాస్తా మర్యాదస్తుడే. “ఏమనుకోకండి సార్. మీకు రుచి సరిగ్గా తెలియడం లేదని వచ్చింది. వయసు మీద పడితే మామూలే,” అన్నాడు.

బయట మెట్ల మీద వేదవల్లి గొంతు తగ్గించి చెప్పింది. “నెల తరవాత ఇంకోసారి రాయొచ్చు. ఈసారి మీ ఇంటి బీరుకు ముప్పై ఎనిమిది వెయ్యండి, మామిడల్లం దానికి నలభై వెయ్యండి. పాసవుతారు.”

“పాసైనంక?”

“దిద్దుబాటు పెట్టుకునే హక్కు వస్తుంది.”

“అంటే దానికి ముప్పై ఎనిమిదే అని ఒప్పుకున్నోనికే, కాదు అనే హక్కుంటది.” శ్రీశైలం నవ్వాడు. ఆ నవ్వు చూడలేక వేదవల్లి రోడ్డు వైపు తిరిగింది. “ఒప్పుకున్నోడు మళ్ళ కాదంటే, వాని మాటకు విలువేముంటది మేడం? పైగా నెల తర్వాత ఆ షెడ్లే ఉండయి.”

ఆవిడకా బీరు ఎంతో నచ్చింది, ఆ సంగతి రాతపూర్వకంగా మండలికి పంపింది కూడా. నచ్చడం ప్రమాణం కాదని తిరుగు జవాబు వచ్చింది.

ఇంటికి పోతూ శ్రీశైలం ఉప్పల్‌లో బస్సు మారాడు. ఎదురుగా బారు. బారు ముందు బోర్డు నిండా అంకెలే: తొంభై ఒకటి, తొంభై మూడు, తొంభై రెండు. పేర్లు వేరు గానీ, అన్నీ ఒకే బీరుకు వేరువేరు చొక్కాలు తొడిగినట్టుంటాయని అతనికి తెలుసు. అరుగు మీద ఇద్దరు కూర్చుని తాగుతున్నారు. ఒకతను గ్లాసు ఖాళీ చేశాడు.

“ఎట్లున్నదన్నా?” అడిగాడు రెండోవాడు.

మొదటివాడు తలెత్తి బోర్డు చూశాడు. “తొంభై మూడు,” అన్నాడు.

నవ్వుకోవాల్సిన మాటే. కానీ ఆ బోర్డు రాసిన చెయ్యి శ్రీశైలానిది.

షెడ్డు దగ్గర స్వరూప పెంక మీద జొన్నలు కలుపుతోంది. అతను చెప్పులు విడిచి, పొయ్యి ఇవతల గొంతుక్కూర్చుని, ఉన్నదంతా చెప్పేశాడు. నలభై ఒక్క గ్లాసులు, నాయిన మాట, పదిలో ఆరు. చెబుతున్నంతసేపూ ఆమె గరిటె ఆగలేదు.

“నా బీరని తెలిసే ఏసినవా?”

“తెలిసే ఏసిన.”

“ఇరవై రెండేండ్లల్ల నువ్వు నాకు చెప్పింది ఒక్కటే మాట. తాగొచ్చు. పక్కోళ్ళ బీరు నోట్ల పెట్టరాకున్నా మంచిగున్నది, మస్తున్నది అని వస్తవు. నాకాడికొస్తే తాగొచ్చు. నేనెన్నడన్న బాధపడ్డనా? నీతోని కాపురం చేసినదాన్ని, నీ మాటను ఎట్ల తిప్పి సదువుకోవాల్నో నాకు తెలుసు.” గరిటె పెంక అంచుకు కొట్టి పక్కన పెట్టింది. అప్పుడు చూశాడు, ఆమె కళ్ళ నీళ్ళు పొగవి కావు. “దానికెట్ల తెలుస్తది? అది చేసిందా నీతోని కాపురం?”

శ్రీశైలానికి ఏడుపొచ్చింది. ఏడవలేక లేచిపోయి, కుళాయి కింద మొహం కడుక్కున్నాడు.

ఏడ్చుకుంటూ కూర్చునే మనిషి కాదు స్వరూప. నలుగురు ఆడవాళ్ళు ఆమెను నమ్ముకుని ఉన్నారు. మర్నాడే మండలి జాబితాలో ఉన్న మాల్ట్ తెప్పించింది. మండలి పుస్తకంలో ఉన్నట్టే, ఆ పుస్తకంలో చెప్పిన వేడికే కాచింది. జొన్నల బస్తాలు పక్క ఊరి కోళ్ళఫారానికి పోయాయి. పెంకలు కడిగి గోడకు బోర్లించారు. రెండు రోజులకు షెడ్డులో పొగ వాసన కూడా పోయింది. ఏదో ఆఫీసులోకి వచ్చినట్టుందని పనిచేసే రమణమ్మ అంటే ఎవరూ నవ్వలేదు.

గడువుకు ఒకరోజు ముందు రసన వచ్చి, ఎనిమిది సెకన్లు ముంచి, ఆకుపచ్చ అంకె వెలిగించింది. తొంభై ఒకటి. మండలి మనిషి తలుపు మీద ముద్ర అంటించి, అభినందనలమ్మా అని చెప్పి వెళ్ళాడు. షెడ్డు నిలిచింది, నలుగురి పనీ నిలిచింది. రమణమ్మ కొబ్బరికాయ కొట్టింది.

స్వరూప ట్యాంకు కింద పెట్టి ఒక గ్లాసు నింపింది. ప్రతి కొత్త కాపుకూ మొదటి గ్లాసు అతనికే ఇస్తుంది, అది ఇరవై రెండేళ్ళ అలవాటు. ఇచ్చి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ ఎదురుగా నిలబడింది.

శ్రీశైలం వాసన చూశాడు. ఏ ఇంటి వాసనా లేదు. గుక్క తాగాడు. చేదు ఉండాల్సినంత ఉంది, తీపి ఉండాల్సినంత ఉంది, తప్పు పట్టడానికి ఏమీ లేదు. నాలుక మాత్రం కదల్లేదు. ఇన్నేళ్ళూ నోటి చివర కాచుకుని ఉండే ఆ మాట కోసం వెతుక్కున్నాడు. ఈ బీరుకు ఆ మాట వాడలేకపోయాడు. ఆమె మొహం చూశాడు, ఎంత అలసిపోయిందో చూశాడు. ఇవ్వాళైనా ఆమెకు నాలుగు మంచి మాటలు చెప్పాలనిపించింది.

“మంచిగున్నది స్వరూపా,” అన్నాడు. “మస్తుగున్నది.”

స్వరూప చేతులు కొంగులో ఆగిపోయాయి.

“గంత ఖరాబున్నదా?” అంది.